పన్ను పీకించినా తగ్గని నొప్పి: ముఖం, నోటి బాధల వెనుక ఉన్న తలనొప్పి వ్యాధులను గుర్తించడం ఎలా?

పై దవడలో ఒకవైపు నొప్పి మొదలవుతుంది. దంతవైద్యుడు పరీక్షిస్తే పన్నులో చెప్పుకోదగ్గ లోపమేదీ కనిపించదు. అయినా బాధ భరించలేక రోగి పట్టుబట్టడంతో రూట్ కెనాల్ చికిత్స జరుగుతుంది. నాలుగు రోజులు ఊరట కలుగుతుంది, ఆపై నొప్పి తిరిగి వస్తుంది. ఈసారి పన్నునే తీసివేస్తారు. నెల తిరగకముందే నొప్పి పక్క పన్నుకు మారినట్లు అనిపిస్తుంది. అలా రెండు, మూడు పళ్లు పోయిన తరువాత, ఎవరో చెప్పగా నాడీవైద్యుని వద్దకు వెళితే, అసలు వ్యాధి పళ్లకు సంబంధించినదే కాదని తేలుతుంది.

నాడీవైద్యులకు, నోటి వ్యాధుల నిపుణులకు ఇటువంటి రోగులు కొత్త కాదు. ముఖంలోనో నోటిలోనో నొప్పి అన్నప్పుడు ఎవరికైనా మొదట తోచేది పన్ను లేదా సైనస్. ఎక్కువ సందర్భాల్లో ఆ ఊహ నిజమే. కానీ కొందరిలో ఆ నొప్పి తలనొప్పి వ్యాధులకో, ముఖానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే నాడి వ్యాధికో చెందినదై ఉంటుంది. ఆ సంగతి ముందుగా గుర్తిస్తే మందులతో అదుపులోకి వచ్చే బాధకు, గుర్తించకపోతే ఆరోగ్యంగా ఉన్న పళ్లను మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచ జనాభాలో దాదాపు 40 శాతం మంది, అంటే సుమారు 310 కోట్ల మంది, ఏదో ఒక తలనొప్పి వ్యాధితో బాధపడ్డారు. ఇంత విస్తృతమైన వ్యాధుల్లో కొన్ని నుదుటి దగ్గర ఆగక చెంపలకు, దవడకు, పళ్లకు దిగడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే నాడి, అనేక బాధలు

ముఖంలోని ప్రతి భాగం నుంచి స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసేది ప్రధానంగా ట్రైజెమినల్ నాడి. ముఖానికి ఇరువైపులా ఒక్కొక్కటి ఉంటుంది. ఇది మూడు శాఖలుగా చీలుతుంది. మొదటి శాఖ నుదురు, కంటి భాగాలకు, రెండవది చెంప, పై దవడ, పై పళ్లకు, మూడవది కింది దవడ, కింది పళ్లు, నాలుక ముందు భాగానికి వెళతాయి. మెదడును కప్పి ఉంచే పొరలకు, వాటిలోని రక్తనాళాలకు సైతం నొప్పిని గ్రహించే తంతువులు ఎక్కువగా ఈ నాడి నుంచే అందుతాయి.

ఈ శాఖలన్నీ మెదడు కాండంలోని ఒకే కేంద్రానికి చేరతాయి. మెడ పైభాగం నుంచి వచ్చే నాడుల సంకేతాలు కూడా అక్కడికే వస్తాయి. ఇన్ని దారులు ఒకచోట కలిసినప్పుడు సంకేతం ఎక్కడినుంచి వచ్చిందో మెదడు పొరబడవచ్చు. అందువల్ల తలనొప్పి పంటినొప్పిగా, నమిలే కండరాల నొప్పి కణతల నొప్పిగా, పంటినొప్పి చెవిపోటుగా తోస్తాయి. రోగి అబద్ధమాడడం లేదు. నొప్పి తెలిసే చోటు, నొప్పి పుట్టే చోటు వేరువేరు కావడమే ఇక్కడి చిక్కు.

ఈ చిక్కును విప్పేందుకు వైద్యలోకం కొన్ని ప్రమాణాలు ఏర్పరచుకున్నది. అంతర్జాతీయ తలనొప్పి సంఘం రూపొందించిన తలనొప్పి వ్యాధుల వర్గీకరణ మూడవ కూర్పు 2018లో వెలువడింది. ముఖం, నోటి నొప్పులకు ప్రత్యేకించిన తొలి అంతర్జాతీయ వర్గీకరణ 2020లో వచ్చింది. తలలో వచ్చే మైగ్రేన్ వంటి వ్యాధులను పోలిన నొప్పులు ముఖంలోనూ రావచ్చునని గుర్తించి, ఇందులో వాటికి ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించారు. అదే ఏడాది అమెరికాలో ముఖ, నోటి నొప్పుల వైద్యాన్ని దంతవైద్యంలో ప్రత్యేక విభాగంగా గుర్తించారు.

మొదటి మెట్టు: పంటిని పరిశీలించడం

ముఖంలో నొప్పి ఉన్నవారు ముందుగా దంతవైద్యుని సంప్రదించడం సరైన పనే. పిప్పిపన్ను, చిగుళ్ల వాపు, సగం బయటికి వచ్చిన జ్ఞానదంతం, కంటికి కనబడని పగులు, ఇవే ఈ నొప్పులకు అతి సాధారణ కారణాలు. చల్లని పదార్థం తగిలించి చూడడం, పన్ను మీద మెల్లగా తట్టి చూడడం, చిగుళ్లను పరీక్షించడం, ఎక్స్‌రే తీయడం ద్వారా చాలావరకు నిజం తేలిపోతుంది.

పంటిలోని నాడికి చెందిన నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. వేడి, చల్లని పదార్థాలకు జివ్వుమని లాగుతుంది, తగిలిన వస్తువు తొలగినా కొంతసేపు నిలుస్తుంది, రాత్రి నిద్రలో లేపుతుంది. పరీక్షలో కారణం కనబడుతుంది, ఆ కారణానికి చికిత్స చేస్తే నొప్పి పోతుంది.

అనుమానం తీరనప్పుడు వైద్యులు ఆ పంటి వద్ద మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. పన్ను పూర్తిగా మొద్దుబారినా నొప్పి యథాతథంగా ఉంటే మూలం మరెక్కడో ఉందని భావిస్తారు. అయితే నాడి వ్యాధి వల్ల వచ్చే నొప్పి కూడా ఈ మందుతో తాత్కాలికంగా ఆగవచ్చు. కనుక ఈ ఒక్క పరీక్షనే తుది తీర్పుగా తీసుకోరాదు. పన్నులో లోపం రుజువు కానప్పుడు, తిరిగి సరిదిద్దలేని చికిత్సకు తొందరపడకపోవడమే ఈ దశలో పాటించవలసిన నియమం.

నొప్పి వ్యవధి చెప్పే సంగతులు

పన్ను కారణం కాదని తేలిన తరువాత నిర్ధారణకు ప్రధాన ఆధారం రోగి చెప్పే వివరమే. చాలా తలనొప్పి వ్యాధులను నేరుగా పట్టి చూపే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. అందుకే వైద్యులు 'ఎక్కడ నొప్పి?' అన్న ప్రశ్నతో ఆగరు. ఒక్కసారి వస్తే ఎంతసేపు ఉంటుంది, రోజుకు ఎన్నిసార్లు వస్తుంది, ఏ వేళకు వస్తుంది, ఏం చేస్తే వస్తుంది, ఆ సమయంలో మరేం జరుగుతుంది అని అడుగుతారు.

వీటిలో వ్యవధికి ఎక్కువ ప్రాముఖ్యం ఉంది. క్షణకాలం నుంచి 2 నిమిషాల లోపు వచ్చిపోయే నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియాను సూచిస్తుంది. 15 నిమిషాల నుంచి 3 గంటలు ఉండేది క్లస్టర్ తలనొప్పిని, 4 గంటల నుంచి 72 గంటలు వేధించేది మైగ్రేన్‌ను గుర్తుచేస్తాయి. రోజంతా సన్నగా ఉండి, నమిలినప్పుడు పెరిగే నొప్పి దవడ కండరాల వైపు చూపిస్తుంది.

నొప్పి తీరును చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. జివ్వుమనడం, సలపడం, పోటు, మంట, గుంజడం, కరెంటు కొట్టినట్లుండడం, వీటిలో ప్రతిదానికీ అర్థం వేరు. 'బాగా నొప్పిగా ఉంది డాక్టరుగారూ' అని ముక్తసరిగా చెప్పడం కంటే, ఇంట్లో వాడుకునే ఆ మాటనే వైద్యుని ముందు చెప్పడం నిర్ధారణకు ఎక్కువ మేలు చేస్తుంది.

ముఖంలో తెలిసే పార్శ్వపు నొప్పి

పార్శ్వపు నొప్పిగా తెలుగువారు ఎరిగిన మైగ్రేన్ సాధారణంగా తలకు ఒకవైపు వస్తుంది, నాడి కొట్టుకున్నట్లు సలుపుతుంది, మెట్లెక్కినా నడిచినా ఎక్కువవుతుంది. వికారం లేదా వాంతి ఉంటుంది. వెలుతురు, చప్పుడు భరించలేక రోగి చీకటి గదిలో పడుకోవాలని కోరుకుంటారు. కొందరిలో ఇదే నొప్పి చెంపకు, పై దవడకు వ్యాపిస్తుంది. అరుదుగా తలలో ఏమీ లేకుండా ముఖంలో మాత్రమే వస్తుంది. పంటినొప్పితో పాటు వికారం, వెలుతురు పడకపోవడం ఉంటే మైగ్రేన్ సంగతి ఆలోచించవలసిందే.

సైనస్ తలనొప్పిగా భావించేవాటిలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. తమకు సైనస్ తలనొప్పి ఉందని తామే భావించిన, లేక వైద్యులు అలా చెప్పిన 2,991 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం 2004లో అమెరికా వైద్యపత్రికలో ప్రచురితమైంది. వారిలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహా తలనొప్పికి సరిపోయాయి. మైగ్రేన్ వచ్చినప్పుడు ముక్కు దిబ్బడ వేయడం, కళ్ల నీరు కారడం కొందరిలో సహజం. అందువల్ల సైనస్ అన్న భ్రమ కలుగుతుంది. జ్వరం, ముక్కు నుంచి చిక్కని చీమువంటి స్రావం, వాసన తెలియకపోవడం లేకుండా, నెలనెలా తిరిగివచ్చే 'సైనస్' నొప్పిని మరోసారి పరిశీలింపజేసుకోవడం మంచిది.

రాత్రివేళ కంటి చుట్టూ వచ్చే నొప్పులు

క్లస్టర్ తలనొప్పి అత్యంత తీవ్రమైన నొప్పుల్లో ఒకటి. కంటి చుట్టూ, కణతలో, ఎప్పుడూ ఒకే వైపున వస్తుంది. పలువురిలో అది పై దవడకు, పళ్లకు పాకుతుంది. అదే వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు కారుతుంది లేదా మూసుకుపోతుంది, కనురెప్ప వాలుతుంది. మైగ్రేన్ రోగి కదలకుండా పడుకుంటే, ఈ రోగి కూర్చోలేక, నిలవలేక పచార్లు చేస్తారు. నొప్పి తరచుగా రాత్రి నిద్రపట్టిన కొద్దిసేపటికి, గడియారం పెట్టినట్లు ఒకే వేళకు వస్తుంది. కొన్ని వారాలో నెలలో ఇలా సాగి, తరువాత చాలాకాలం కనబడకుండా పోతుంది. పన్ను తీయించుకున్న సమయం ఈ విరామంతో కలిసివస్తే, నొప్పి పన్నువల్లనే వచ్చిందన్న అపోహ బలపడుతుంది.

మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కువ వేగంతో ఇవ్వడం, సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ దీనికి తక్షణ చికిత్సలు. దీనికి దగ్గరి బంధువు వంటి పెరాక్సిస్మల్ హెమిక్రేనియాలో నొప్పి 2 నుంచి 30 నిమిషాలే ఉంటుంది, కానీ రోజుకు అనేకసార్లు వస్తుంది. ఇండోమెథాసిన్ అనే మందుకు ఇది పూర్తిగా లొంగడం దీని ప్రత్యేకత. ఇక్కడ మందుకు లభించే స్పందనే నిర్ధారణకు ప్రమాణంగా నిలుస్తుంది.

కరెంటు దెబ్బ వంటి నాడి నొప్పి

ట్రైజెమినల్ న్యూరాల్జియా తలనొప్పుల వర్గీకరణలో చోటు పొందినా, నిజానికి నాడికి చెందిన వ్యాధి. 50 ఏళ్లు దాటినవారిలో, అందులోనూ స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. చెంపలోనో దవడలోనో ఒకవైపు కరెంటు షాక్ తగిలినట్లు నొప్పి మెరుపులా వచ్చి పోతుంది. పళ్లు తోముకోవడం, ముఖం కడుక్కోవడం, గడ్డం గీసుకోవడం, అన్నం నమలడం, చివరికి చల్లగాలి సోకడం కూడా దాన్ని రేపుతాయి. నొప్పికి భయపడి తినడం, మాట్లాడడం మానుకునేవారున్నారు. హిందీ నటుడు సల్మాన్ ఖాన్ తనకు ఈ వ్యాధి ఉన్నట్లు బహిరంగంగా వెల్లడించడంతో దీని పేరు దేశంలో పలువురికి తెలిసింది.

మెదడు కాండం వద్ద నాడిని ఒక రక్తనాళం ఒత్తడం దీనికి తరచు కారణం. అరుదుగా కణితి గానీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ గానీ ఉంటాయి. అందుకే ఈ వ్యాధిని అనుమానించిన ప్రతివారికీ ఎంఆర్‌ఐ స్కానింగ్ సూచిస్తారు. చిన్న వయసులో వచ్చినా, ముఖానికి రెండువైపులా వచ్చినా, ముఖం మొద్దుబారినా స్కానింగ్ మరింత అవసరం.

కార్బమాజెపిన్ దీనికి మొదటి వరుస మందు. సాధారణ నొప్పి మాత్రలు దీనిమీద పనిచేయవు. అయితే కార్బమాజెపిన్‌ను సొంతంగా కొని వాడరాదు. కొందరిలో చర్మంపై ప్రాణాంతకమైన ప్రతిచర్య రావచ్చు, రక్తంలో సోడియం తగ్గవచ్చు. మందు మొదలుపెట్టాక ఒంటిపై దద్దుర్లు వస్తే వెంటనే వైద్యునికి తెలియజేయాలి. మందులు చాలనప్పుడు నాడిపై ఒత్తిడి తొలగించే శస్త్రచికిత్స అందుబాటులో ఉంది.

దవడ కీలు, నమిలే కండరాలు

చెవి ముందున్న దవడ కీలు, నమిలే కండరాలు నొప్పిపెడితే అది కణతల వద్ద తలనొప్పిగా కనబడుతుంది. నోరు తెరిచినప్పుడు టక్కుమని చప్పుడు రావడం, దవడ పట్టేయడం, ఉదయం లేవగానే దవడ బిగుసుకుపోయినట్లు ఉండడం, నిద్రలో పళ్లు కొరకడం దీనికి తోడుంటాయి. 2014లో ప్రచురితమైన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, దవడ కదలికతో ఆ తలనొప్పి మారుతున్నదా, కణత కండరాన్ని నొక్కినప్పుడు రోగికి తెలిసిన ఆ నొప్పే తిరిగి వస్తున్నదా అన్నది పరీక్షించి చూస్తారు. దవడ కీలు వ్యాధి, మైగ్రేన్ ఒకే వ్యక్తిలో కలిసి ఉండడం కూడా సాధారణమే. ఒకటి దొరికిందని రెండవదాన్ని వెదకడం మానరాదు.

నోటి మంట, కారణం దొరకని నొప్పి

నోటిలో పుండు గానీ పూత గానీ లేకుండానే నాలుక, పెదవులు రోజూ గంటల తరబడి మండడం ఒక ప్రత్యేక వ్యాధి. ముట్లుడిగిన స్త్రీలలో ఇది ఎక్కువ. ఈ పేరు పెట్టేముందు రక్తహీనత, బి12 విటమిన్ లోపం, మధుమేహం, థైరాయిడ్ లోపం, నోటిలో శిలీంధ్రాల వ్యాధి లేవని నిర్ధారించుకోవాలి. ఇలాగే, అన్ని పరీక్షల తరువాత కూడా కారణం దొరకని నిరంతర ముఖనొప్పి మరొకటి. కారణం కనబడలేదంటే నొప్పి కల్పితమని అర్థం కాదు. నొప్పిని గ్రహించే వ్యవస్థే సున్నితమైపోవడం ఇందులో ఉండవచ్చునని నిపుణులు భావిస్తున్నారు. 'నీకేమీ లేదమ్మా, మనసులోనే ఉంది' అని పంపివేయడం ఈ రోగులకు జరిగే అన్యాయం.

ఆలస్యం చేయరాని లక్షణాలు

కొన్ని సందర్భాల్లో నిర్ధారణకు వారాల సమయం ఉండదు. ఈ కింది లక్షణాలు కనిపిస్తే వెంటనే వైద్యసహాయం పొందాలి.

నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో కింది దవడలో నొప్పి వచ్చి, ఆగితే తగ్గడం గుండెజబ్బుకు సంకేతం కావచ్చు. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు తోడైతే 108 అంబులెన్సుకు ఫోను చేయాలి.

50 ఏళ్లు దాటినవారికి కొత్తగా తలనొప్పి మొదలై, నమిలేకొద్దీ దవడ నొప్పిపెట్టి, తల దువ్వుకుంటే మాడు నొప్పిగా ఉండి, చూపు మసకబారితే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే రక్తనాళాల వ్యాధిని అనుమానించాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు ఇందుకు తోడ్పడతాయి. చికిత్స ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. అందువల్ల బయాప్సీ ఫలితం కోసం ఆగకుండానే వైద్యులు స్టెరాయిడ్లు ప్రారంభిస్తారు.

2 వారాలు దాటినా మానని నోటిపుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు క్రమంగా తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ కనిపిస్తే క్యాన్సర్ పరీక్ష తప్పనిసరి. గుట్కా, ఖైనీ, వక్క నమిలేవారు, చుట్ట తాగేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిలి దెబ్బతిని క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

ఉన్నట్టుండి ఒక్క నిమిషంలోనే తారస్థాయికి చేరిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మూతి వంకరపోవడం, కాలుచేయి పడిపోవడం, మాట తడబడడం అత్యవసర చికిత్స అవసరమైన స్థితులు.

మాత్రలే నొప్పికి కారణమైనప్పుడు

మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు తాత్కాలికంగా ఊరటనిచ్చినా, అతిగా వాడితే అవే తలనొప్పిని పెంచుతాయి. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం తలనొప్పి వ్యాధి ఉన్నవారు సాధారణ నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, రెండు మూడు మందులు కలిపిన మాత్రలను గానీ ట్రిప్టాన్లను గానీ 10 రోజులు లేదా అంతకు మించి, 3 నెలలకు పైగా వాడితే ఈ ప్రమాదం ఉంది. పంటినొప్పి పేరుతో వాడిన మాత్రలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాటి సంగతి వైద్యునికి చెప్పకపోతే నిర్ధారణ తప్పుదారి పడుతుంది.

వైద్యుని వద్దకు వెళ్లేముందు

రెండు మూడు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో నొప్పి వివరాలు రాసుకోవడం ఖర్చులేని, మేలైన పరీక్ష. తేదీ, మొదలైన వేళ, ఎంతసేపు ఉన్నది, ఏ వైపు, ఏం చేస్తుండగా వచ్చింది, కన్ను ఎర్రబడిందా, వికారం కలిగిందా, ఏ మాత్ర వేసుకున్నారు అన్న వివరాలు చాలు. స్త్రీలు నెలసరి తేదీలను కూడా గుర్తించుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లోవారు సెల్‌ఫోనులో ముఖం ఫోటో తీసినా, కన్ను, కనురెప్పల మార్పు వైద్యునికి తెలుస్తుంది. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు వెంట తీసుకువెళ్లాలి.

దంతవైద్య కళాశాలల్లోని ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ విభాగం ఇటువంటి నొప్పులకు మొదటి మజిలీ కాగలదు. అవసరమైతే వారు నాడీవైద్య విభాగానికి పంపుతారు. హైదరాబాదులోని నిమ్స్‌లో, ప్రధాన ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో నాడీవైద్య సేవలున్నాయి. దూరప్రాంతాలవారు కేంద్రప్రభుత్వ ఈ-సంజీవని సేవ ద్వారా ఉచితంగా వైద్యుని సలహా పొందవచ్చు.

పన్ను తీసివేయాలని వైద్యుడు సూచించినప్పుడు, 'ఈ నొప్పి ఈ పన్నుదేనని పరీక్షలో తేలిందా అండీ?' అని అడగడానికి రోగి సంకోచించనక్కరలేదు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నను తప్పుగా భావించరు. తేలిందంటే నిశ్చింతగా చికిత్స చేయించుకోవచ్చు. తేలలేదంటే పన్నును అలాగే ఉంచి, నొప్పి తీరును మరికొన్నాళ్లు గమనించి, మరో నిపుణుని అభిప్రాయం తీసుకోవడానికి వ్యవధి ఉన్నట్లే.